బాక్టీరియా కత్తెర, బాక్టీరియా సూది: ఒక టీకా పూర్వచరిత్ర

హైదరాబాదు నగరానికి ఉత్తర దిక్కున, మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో, జీడిమెట్ల పారిశ్రామిక వాడకు సమీపమున గాజులరామారము ఉన్నది. ఆ ఊరి పేరు వినగానే మన పల్లెలలో పిల్లలు ఆడుకొనే పాత ఆట ఒకటి గుర్తుకు వస్తుంది. విరిగిన గాజు ముక్కలను ఏరి తెచ్చి, దీపపు మంట మీద వేడి చేసి, మెత్తబడిన కొనలను వంచి, ఒక ముక్కకు ఇంకొక ముక్కను తగిలించి గొలుసులు చేసేవారు. అమ్మ చేతి ఎర్రగాజు ముక్క ప్రక్కన పొరుగింటి పచ్చగాజు ముక్క చేరేది. ఏ ముక్క ఎక్కడిదైనా గొలుసు మాత్రము ఒక్కటే. ఈ ఆటను గుర్తు పెట్టుకొన్న పాఠకులకు ఈ వ్యాసములోని విషయము సగము బోధపడినట్లే.

గాజులరామారము నుండి ఇంకా ఉత్తరానికి పోతే నాగపూరు రహదారి మీద మేడ్చల్ వస్తుంది. అక్కడ కర్మాగారము నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997 ఆగస్టులో హెపటైటిస్-బి అను కాలేయ వ్యాధికి ఒక టీకాను విడుదల చేసినది. జన్యువును కోసి వేరొక జీవిలో అతికే పద్ధతిలో భారతదేశములో రూపొందిన మొదటి టీకా అదే. అంతకు ముందు ఇటువంటి టీకాను విదేశాల నుండి తెప్పించుకొనవలసి వచ్చేది. దాని వెల ఒక్కొక్క మోతాదుకు వందల రూపాయలు ఉండుట చేత సామాన్య కుటుంబాలకు అది అందని మందుగానే ఉండేది.

జన్యువును కోశారు, అతికారు అంటున్నాము. కంటికి కనబడని అణువును ఏ కత్తెరతో కోశారు? ఏ సూదితో కుట్టారు? ఆ కత్తెరను, ఆ సూదిని ఏ శాస్త్రజ్ఞుడూ తయారు చేయలేదు. అవి బాక్టీరియాల సొంత పనిముట్లు. మానవుడు పుట్టక పూర్వమే, తమ అవసరాల కొరకు బాక్టీరియాలు వాటిని వాడుకొంటున్నవి. మనవారు చేసినదెల్లా వాటిని చూచి, గుర్తుపట్టి, అరువు తెచ్చుకొనుట. ఆ గుర్తుపట్టిన కథ లండనులో కొన్ని ఎలుకలతో మొదలవుతుంది.

చచ్చిన బాక్టీరియా ఇచ్చిన ఆస్తి

1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అను ఆంగ్ల వైద్యుడు న్యుమోనియా బాక్టీరియాలను పరిశీలిస్తున్నాడు. వాటిలో రెండు రకాలు కలవు. ఒక రకానికి చక్కెర పదార్థముతో చేసిన నున్నని కవచము ఉంటుంది. అది ఎలుకలను చంపుతుంది. రెండవ రకానికి కవచము లేదు; అది హాని చేయదు. గ్రిఫిత్ కవచము గల బాక్టీరియాలను వేడి చేసి చంపి ఎలుకలకు ఎక్కించాడు. ఎలుకలకు ఏమీ కాలేదు. తరువాత ఆ చచ్చిన బాక్టీరియాలను, హాని చేయని బ్రతికిన బాక్టీరియాలను కలిపి ఎక్కించాడు. ఎలుకలు చచ్చినవి. వాటి రక్తములో కవచము గల బాక్టీరియాలు సజీవముగా కనబడినవి. వాటి సంతతికి కూడా కవచము ఉన్నది.

అనగా చచ్చినది తన గుణాన్ని బ్రతికిన దానికి ఆస్తిగా ఇచ్చి పోయినది. ఆ ఆస్తి ఏ పదార్థము? న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆస్వాల్డ్ ఏవరీ, కోలిన్ మెక్‌లియడ్, మెక్లిన్ మెకార్టీ అనువారు చాలా కాలము శ్రమించి 1944లో జవాబు చెప్పారు. అది మాంసకృత్తు కాదు, చక్కెర కాదు, డి.ఎన్.ఎ. అను ఆమ్లము. వంశపారంపర్య గుణాలకు డి.ఎన్.ఎ. ఆధారమని చెప్పిన గట్టి సాక్ష్యాలలో ఇది మొదటిది.

రెండేండ్ల తరువాత, 1946లో, జాషువా లెడర్‌బర్గ్ అను ఇరువది ఒక్క ఏండ్ల యువకుడు యేల్ విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ టాటమ్‌తో కలిసి ఇంకొక ప్రయోగము చేశాడు. మన ప్రేగులలో నివసించే ఈ. కోలై బాక్టీరియాలో రెండు లోపము గల రకాలను తీసుకొన్నాడు. మొదటి రకము కొన్ని పోషకాలను సొంతముగా తయారు చేసుకొనలేదు. రెండవ రకము వేరే కొన్నింటిని తయారు చేసుకొనలేదు. ఆ పోషకాలు లేని ఆహారము మీద ఏ రకమూ పెరగదు. రెండింటిని కలిపి పెంచి, తరువాత అదే ఆహారము మీద చల్లితే, సుమారు కోటి బాక్టీరియాలలో ఒకటి చొప్పున పెరిగినవి. ఒక దాని లోపాన్ని ఇంకొక దాని జన్యువులు పూరించినవన్న మాట. బాక్టీరియాలు ఊరికే రెండుగా చీలి పెరుగుతవని, వాటిలో జన్యువుల కలయిక ఉండదని అంతవరకు చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకము పోయినది. ఈ కలయికకే పునస్సంయోజనము అని పేరు.

నకలా, అతుకా?

1953లో వాట్సన్, క్రిక్‌లు డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని వివరించారు. అది మెలి తిరిగిన నిచ్చెన వంటిది. రెండు పోగులు, మధ్య మెట్లు. మెట్లలో నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఎప్పుడూ ఎ కు ఎదురుగా టి, జి కి ఎదురుగా సి. ఈ. కోలై బాక్టీరియాలో ఇటువంటి నిచ్చెన ఒక్కటే ఉన్నది. దానిలో సుమారు 46 లక్షల మెట్లు కలవు. దాని రెండు కొసలూ కలిసి గాజువలె గుండ్రముగా ఉంటుంది.

అయితే కొత్త డి.ఎన్.ఎ. పాత దానిలోనికి ఎట్లా చేరుతుంది? ఇందుకు రెండు ఊహలు చెప్పేవారు. మొదటిది నకలు ఊహ. డి.ఎన్.ఎ. నకలు తయారగునప్పుడు, ఒక పుస్తకములో సగము, ఇంకొక పుస్తకములో సగము చూచి వ్రాసినట్లు, కొంత ఒక దానినుండి, కొంత వేరొక దానినుండి నకలు ఎత్తబడుతుందని. రెండవది అతుకు ఊహ. రెండు పాత నిచ్చెనలు నిజముగానే విరిగి, ఒక దాని ముక్క ఇంకొక దాని ముక్కతో అతుక్కొంటుందని.

ఏది నిజమో తేల్చడానికి 1961లో మాథ్యూ మెసెల్సన్, జీన్ వైగల్ అనువారు బాక్టీరియాలను తినే వైరసులను వాడారు. వీటిని ఫేజిలు అంటారు. కొన్ని ఫేజిలను బరువైన కర్బనము, బరువైన నత్రజని ఐసోటోపులు గల ఆహారముతో పెంచారు. వాటి డి.ఎన్.ఎ. మామూలు దానికంటె బరువైనది. వీటిని మామూలు ఫేజిలతో కలిపి బాక్టీరియాలలోనికి పంపారు. పుట్టిన మిశ్రమ సంతతిని వేగముగా తిరిగే యంత్రములో వేసి బరువును బట్టి వేరు చేశారు. అంతా నకలే అయితే మిశ్రమ సంతతిలో పాత బరువైన పదార్థము ఉండరాదు. కాని ఉన్నది. ఎర్రగాజు ముక్క, పచ్చగాజు ముక్క నిజముగానే ఒక గొలుసులో చేరినవి. అతుకు ఊహయే గెలిచినది.

విరిగిన దానిని బాగుచేయు పనివారు

విరుగుట, అతుకుట వాటంతట అవి జరగవు. జీవకణములో ఏ పనికైనా ఎంజైములు అను పనివారు ఉండాలి. వీరెవరో తెలుసుకొనడానికి కాలిఫోర్నియాలో జాన్ క్లార్క్, ఆన్ డీ మార్గులీస్ అనువారు ఒక ఉపాయము ఆలోచించారు. పునస్సంయోజనము చేయలేని బాక్టీరియాలను వెదకి పట్టుకొంటే, వాటిలో లోపించినది ఏదో అదే మనకు కావలసిన పనివాడు. 1965లో వారికి అటువంటి బాక్టీరియాలు దొరికినవి. లోపించిన జన్యువుకు తరువాత రెక్-ఎ అని పేరు పెట్టారు. ఈ బాక్టీరియాలలో ఇంకొక వింత కూడా కనబడినది. అతినీలలోహిత కిరణాలు కొద్దిగా తగిలినా అవి చచ్చిపోతవి. ఆ కిరణాలు డి.ఎన్.ఎ.ను చెడగొడతవని తెలిసినదే. కాబట్టి జన్యువులను కలుపు పనివాడు, చెడిన డి.ఎన్.ఎ.ను బాగుచేయు పనివాడు ఒక్కడే! బాక్టీరియాకు ఈ పనిముట్లు ఎందుకున్నవన్న ప్రశ్నకు ఇక్కడ మొదటి జవాబు దొరికినది. ఇల్లు కూలకుండా నిలుపుకొనడానికి.

తరువాతి ముప్పది ఏండ్లలో అనేక దేశాలవారి కృషి వలన మొత్తము పని వివరముగా తెలిసినది. దానిని వరుసగా చూద్దాము.

నిచ్చెన రెండుగా విరిగినదనుకొందాము. విరిగిన కొసను రెక్-బి-సి-డి అను ఎంజైము పట్టుకొంటుంది. మూడు మాంసకృత్తులు కలిసిన యంత్రము ఇది. కొసనుండి లోపలికి పరుగెత్తుచు, రెండు పోగులను విప్పుచు, విప్పిన దానిని ముక్కలు చేయుచు పోతుంది. దాని వేగము సెకనుకు సుమారు 1000 మెట్లు. ఇట్లా తినుచు పోతే మిగిలేదేమి అని మీరు అడగవచ్చును. దారిలో దానికి ఒక గుర్తు కనబడుతుంది. జి-సి-టి-జి-జి-టి-జి-జి అను ఎనిమిది అక్షరాల గుర్తు. దీనికి కై అని పేరు. ఈ గుర్తు చూడగానే ఎంజైము స్వభావము మారుతుంది. అంతవరకు తినినది ఇక ఒక పోగును తినక మిగిల్చి, దాని మీద రెక్-ఎ మాంసకృత్తులను వరుసగా ఎక్కిస్తుంది.

ఇక్కడ విద్యార్థులు ఒక లెక్క చేసి చూడవచ్చును. నాలుగు అక్షరాలతో ఎనిమిది అక్షరాల మాట యాదృచ్ఛికముగా వచ్చు అవకాశము 65,536లో ఒకటి. 46 లక్షల మెట్లు గల ఈ. కోలైలో, రెండు పోగులూ లెక్కవేసినా, కై గుర్తులు సుమారు 140 ఉండవలెను. ఉన్నవి సుమారు 1000. ఇది యాదృచ్ఛికము కాదు. ఈ గుర్తు ఈ. కోలైకి ఇంటి ముద్ర వంటిది. కై లేని పరాయి ఫేజి డి.ఎన్.ఎ. దొరికితే అదే ఎంజైము దానిని చివరి వరకు నమిలివేస్తుంది. కై ఉన్న సొంత డి.ఎన్.ఎ. అయితే బాగుచేయ పూనుకొంటుంది. ఒకే పనిముట్టు శత్రువుకు కత్తి, ఇంటివానికి సూది.

ఇక రెక్-ఎ పని. మూడు అక్షరాలకు ఒకటి చొప్పున ఈ మాంసకృత్తులు పోగును కప్పివేస్తవి. అట్లా కప్పబడిన పోగు, తనవంటి అక్షర క్రమము గల చెడని నిచ్చెన కొరకు వెదకుతుంది. దొరికిన చోట ఆ నిచ్చెన పోగులను విడదీసి మధ్యకు చొరబడుతుంది. ఇప్పుడు రెండు నిచ్చెనలు ఒకదానితో ఒకటి అడ్డముగా పెనవేసుకొని నాలుగు దారుల కూడలివలె ఏర్పడతవి. ఈ కూడలిని 1964లోనే రాబిన్ హాలిడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు శిలీంధ్రాలను పరిశీలించి ఊహించాడు. అందుచేత దీనికి హాలిడే కూడలి అని పేరు. రువ్-ఎ, రువ్-బి అను పనివారు ఈ కూడలిని ముందుకు జరుపుతారు. రువ్-సి అను పనివాడు దానిని సరియైన చోట కోసి రెండు నిచ్చెనలను విడదీస్తాడు. తక్కువైన అక్షరాలు పూరింపబడిన తరువాత, మిగిలిన చీలికను లైగేజు అను ఎంజైము అతుకుతుంది. ఎక్కడ విరిగినదో ఆనవాలు కూడా మిగలదు.

మన శరీరములో కూడా రెక్-ఎ కు బంధువైన మాంసకృత్తు ఒకటి ఇదే పని చేస్తున్నది. దానికి తోడ్పడే ఒక జన్యువు చెడినపుడు స్త్రీలలో రొమ్ము కాన్సరు వచ్చే ప్రమాదము పెరుగుతుంది. బాక్టీరియా మరమ్మతును గురించి తెలుసుకొనుట మనలను గురించి తెలుసుకొనుట కూడా.

ఈ పనికి ఇంధనము

రెక్-బి-సి-డి విప్పే ఒక్కొక్క మెట్టుకు, రెక్-ఎ కదలికకు, కూడలి జరుగుటకు శక్తి కావలెను. ఆ శక్తి ఎ.టి.పి. అను అణువు నుండి వస్తుంది. ఈ అణువు పేరు చెప్పినప్పుడు తెలుగువారు ఒకరిని తలచుకొనక తప్పదు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, జీవపదార్థాలలోని భాస్వరమును రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి చేత పట్టుకొని కండరాలలోని భాస్వర పదార్థాలను వెదకుచు, 1929లో ఎ.టి.పి.ని వేరు చేశారు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. డి.ఎన్.ఎ. పోగులను కట్టి ఉంచే బంధము కూడా భాస్వరపు బంధమే. లైగేజు అతికేది ఆ బంధాన్నే.

కత్తెర దొరికిన విధము

ఇంతవరకు చెప్పిన ఎంజైములు తమ ఇంటి పనికి తగినవే కాని, కోరిన చోట కోయుటకు మనకు ఉపయోగించేవి కావు. కోరిన చోట కోసే కత్తెర వేరొక దారిలో దొరికినది.

1952లో సాల్వడోర్ లూరియా, మేరీ హ్యూమన్ అనువారు, 1953లో బెర్టాని, వైగల్ అనువారు ఫేజిలలో ఒక విచిత్రము చూచారు. ఒక రకము ఈ. కోలైలో పెరిగిన ఫేజిలు ఇంకొక రకము ఈ. కోలైలోనికి పోతే దాదాపు అన్నీ నశిస్తున్నవి. వేలలో ఒకటి బ్రతుకుతుంది. అట్లా బ్రతికిన దాని సంతతి ఆ రెండవ రకములో హాయిగా పెరుగుతుంది. కాని మళ్లీ మొదటి రకములో ఒకసారి పెరిగి వస్తే ఆ అర్హత పోతుంది. అంటే ఇది జన్యువులలో వచ్చిన మార్పు కాదు. ఊరు మారినప్పుడు మారిపోయే చీటీ వంటిది.

జెనీవాలో వెర్నర్ ఆర్బర్, డైసీ డుసోయి అనువారు 1962లో దీని రహస్యము చెప్పారు. రెండవ రకము బాక్టీరియా పరాయి డి.ఎన్.ఎ.ను ముక్కలు చేస్తున్నది. తన డి.ఎన్.ఎ. మీద మాత్రము ఒక గుర్తు వేసుకొని రక్షించుకొంటున్నది. ఆ గుర్తు కొన్ని అక్షరాలకు తగిలించిన చిన్న మిథైల్ సమూహమని తరువాత తెలిసినది.

ఆ కోసే ఎంజైమును స్పష్టముగా చేతికి అందించినవారు బాల్టిమోరులోని హామిల్టన్ స్మిత్, అతని విద్యార్థి కెంట్ విల్కాక్స్. వారు వెదకుచున్నది కత్తెర కాదు. హీమోఫిలస్ అను బాక్టీరియా బయటి డి.ఎన్.ఎ.ను లోనికి తీసుకొని తన డి.ఎన్.ఎ.తో ఎట్లా కలుపుకొంటుందో, అనగా పునస్సంయోజనాన్నే, పరిశీలిస్తున్నారు. ఒక ప్రయోగములో లోనికి పంపిన ఫేజి డి.ఎన్.ఎ. తిరిగి కనబడలేదు. ఏమైనదని అనుమానించి, ఆ బాక్టీరియా రసములో ఫేజి డి.ఎన్.ఎ.ను కలిపి చిక్కదనము కొలిచారు. పొడుగైన డి.ఎన్.ఎ. ద్రవము చిక్కగా ఉంటుంది, ముక్కలైతే పలుచబడుతుంది. ఫేజి డి.ఎన్.ఎ. ద్రవము నిమిషాలలో పలుచబడినది. హీమోఫిలస్ సొంత డి.ఎన్.ఎ. ద్రవము చెక్కు చెదరలేదు. 1970లో ఈ ఫలితాలు ప్రకటించారు. ఆ ఎంజైము ఆరు అక్షరాల ఒక క్రమాన్ని గుర్తుపట్టి అక్కడే కోస్తుందని తేలినది. అక్కడే పనిచేసే డేనియల్ నాథన్స్ 1971లో ఆ కత్తెరతో ఒక వైరసు డి.ఎన్.ఎ.ను పదకొండు ముక్కలుగా కోసి చూపాడు. ఆర్బర్, స్మిత్, నాథన్స్‌లకు 1978లో నోబెల్ బహుమానము లభించినది. వీటికి రెస్ట్రిక్షన్ ఎంజైములు అని పేరు.

ఈ కత్తెరలు చదివే మాటలలో ఒక చమత్కారము కలదు. తెనాలి రామకృష్ణుని బిరుదుగా చెప్పే వికటకవి అను మాటను ఎటునుండి చదివినా ఒక్కటే. ఈ. కోలైలో దొరికిన ఈకో-ఆర్-వన్ అను కత్తెర గుర్తుపట్టే మాట జి-ఎ-ఎ-టి-టి-సి. దీని ఎదుటి పోగు మీద అక్షరాలను వ్రాసి, ఆ పోగును దాని సొంత దిశలో, అనగా వెనుకనుండి చదవండి. మళ్లీ జి-ఎ-ఎ-టి-టి-సి యే వస్తుంది. రెండు పోగులూ ఒకే మాట చెప్పుట చేత కత్తెర రెండింటినీ కోయగలుగుతుంది. జి కి, ఎ కు మధ్య కోస్తుంది. రెండు పోగులు ఎదురెదురుగా కాక వాలుగా తెగుట వలన ప్రతి కొసలోను ఎ-ఎ-టి-టి అను నాలుగు అక్షరాల తోక మిగులుతుంది. ఏ జీవి డి.ఎన్.ఎ.ను ఈ కత్తెరతో కోసినా ఇదే తోక. ఒక తోక ఇంకొక తోకకు సరిగా జత పడుతుంది. వీటిని జిగురు కొసలు అంటారు.

సూది, గాజు

జత పడిన కొసలు ఊరికే అంటుకొని ఉంటవి. గట్టిగా అతుకవలెనంటే సూది కావలెను. ఆ సూది లైగేజు. 1967లో అమెరికాలోని పలు ప్రయోగశాలలు దాదాపు ఒకేసారి దీనిని కనుగొన్నవి. ఫేజి నుండి వచ్చే లైగేజు పనిచేయుటకు సుబ్బారావుగారు వేరు చేసిన ఎ.టి.పి.యే కావలెను.

1972లో స్టాన్‌ఫర్డులో పాల్ బెర్గ్ రెండు వేరు వేరు వైరసుల డి.ఎన్.ఎ.లను కలిపి అతికాడు. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ ఇంకొక అడుగు వేశారు. బాక్టీరియాలలో పెద్ద డి.ఎన్.ఎ.తో పాటు ప్లాస్మిడ్ అను చిన్న డి.ఎన్.ఎ. గాజులు కూడా ఉంటవి. వాటికవే నకళ్లు తీసుకొంటవి. అటువంటి గాజును ఈకో-ఆర్-వన్‌తో ఒక చోట తెంపి, మధ్యలో వేరొక ముక్కను పెట్టి, లైగేజుతో అతికి, బాక్టీరియాలోనికి పంపారు. బాక్టీరియా చీలిన కొద్దీ ఆ పెద్దదైన గాజు కూడా పెరిగినది. మన పల్లె పిల్లల ఆటయే. కాని ఇక్కడ గొలుసు తనంతట తానే కోట్ల గొలుసులను పుట్టిస్తుంది.

ఈ శక్తిని చూచి దానిని కనుగొన్నవారే ముందుగా భయపడ్డారు. 1974లో కొన్ని ప్రయోగాలను ఆపవలసినదిగా వారే కోరారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సమావేశమై జాగ్రత్త నియమాలు వ్రాసుకొన్నారు. మన దేశములో 1986లో జీవసాంకేతిక శాఖ ఏర్పడినది. 1990లో ఆ శాఖ ఇటువంటి ప్రయోగాలకు భద్రతా నియమాలను ప్రకటించినది.

మేడ్చల్‌లో ఏమి జరిగినది

హెపటైటిస్-బి వైరసును ప్రయోగశాలలో పెంచుట సులభము కాదు. అందువలన 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకాను, వ్యాధి క్రిములున్న మనుష్యుల రక్తరసము నుండే తయారు చేయవలసి వచ్చినది. రక్తము ఎంత దొరికితే టీకా అంతే. అయితే టీకాకు వైరసంతా అక్కరలేదు. దాని పైపొర మాంసకృత్తు ఒక్కటి చాలును. ఆ మాంసకృత్తులో 226 అమైనో ఆమ్లాలు కలవు; ఒక్కొక్క దానికి మూడు అక్షరాల చొప్పున 678 అక్షరాల జన్యువు. సుమారు 3200 మెట్లు గల వైరసు డి.ఎన్.ఎ.నుండి ఆ జన్యువును వేరుచేసి, ప్లాస్మిడ్ గాజులో అతికి, 1982లో అమెరికాలో ఈస్టులో పెట్టారు. ఈస్టు ఆ మాంసకృత్తును తయారు చేసి, 22 నానోమీటర్ల చిన్న బంతులుగా పేర్చినది. జన్యువు లేని ఖాళీ బంతులు. జబ్బు చేయవు, కాని శరీరానికి శత్రువును పరిచయము చేస్తవి. 1986లో ఇటువంటి టీకా అక్కడ అనుమతి పొందినది.

నెల్లూరు జిల్లాకు చెందిన కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు వృత్తిచేత ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. జీవశాస్త్రము ఆయన చదువు కాదు. ఈ టీకా మన దేశ శిశువులకు అందకపోవుట చూచి, దానిని ఇక్కడ తయారు చేయ సంకల్పించారు. విదేశముల నుండి పరిజ్ఞానము కొనుటకు చేసిన యత్నము ఫలించలేదు. 1993లో తన తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములోను సాగినది. పుష్పమిత్ర భార్గవగారి కృషితో 1977లో మొదలైన ఆ కేంద్రము అప్పటికే జన్యువులను కోయుట, అతుకుట తెలిసిన పరిశోధకులకు నిలయము. ఆ కేంద్రమే లేకుంటే ఒక ఇంజనీరు సంకల్పానికి నిలుచు చోటు దొరికేది కాదేమో!

హైదరాబాదువారు ఎన్నుకొన్నది పికియా పాస్టోరిస్ అను ఈస్టును. ఈ ఈస్టుతో పనిచేయువారు సాధారణముగా అనుసరించే పద్ధతి గమనించదగినది. జన్యువును బాక్టీరియా కత్తెరతో కోసి, లైగేజుతో ప్లాస్మిడ్‌లో అతికి, ఈ. కోలైలో పెంచుతారు. ఈ పనికి చాలాసార్లు రెక్-ఎ లేని ఈ. కోలైనే వాడతారు, లేకుంటే బాక్టీరియా తన అలవాటు ప్రకారము మన గాజును కోసి అతికి మార్చివేయవచ్చును. 1965లో దొరికిన లోపము గల బాక్టీరియా ఇట్లా మేలు చేయు సేవకుడైనది. తరువాత ఆ గాజును మళ్లీ ఒక చోట కోసి ఈస్టులోనికి పంపుతారు. కోసిన కొసలను చూచి ఈస్టు సొంత మరమ్మతు పనివారు, తమ క్రోమోసోములో సరిపోలిన చోటు వెదకి, ఆ ముక్కను అక్కడ అతుకుతారు. అది మనము పైన చదివిన పునస్సంయోజనమే. ఆ తరువాత ఈస్టుకు మిథనాలు ఆహారముగా ఇస్తే జన్యువు పనిచేయ మొదలిడి మాంసకృత్తు తయారగుతుంది.

1997లో విడుదలైన ఈ టీకా దిగుమతి టీకా వెలలో చిన్న భాగానికే అమ్ముడుపోయినది. పోటీ మొదలై మిగిలినవారి వెలలూ దిగినవి. శామీర్‌పేట ప్రాంతములో 1996లో మొదలైన భారత్ బయోటెక్ కూడా కొద్దికాలానికి ఇటువంటి టీకాను తెచ్చినది. శాంతావారి టీకాకు 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించుటతో అంతర్జాతీయ సంస్థలు కొనడానికి వీలైనది. 2009లో ఆ సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ చేతికి వెళ్లినది. 2011లో హెపటైటిస్-బి టీకాను దేశమంతటా శిశువులకు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు టీకాలలో చేర్చారు. ఒకప్పుడు ధనవంతుల ఇంటికే వచ్చిన మందు నేడు పల్లె ఆరోగ్య కేంద్రములో పుట్టిన బిడ్డకు దొరుకుతున్నది.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ చరిత్రను తరగతిలో చూపించడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. రెండు రంగుల కాగితపు పట్టీలు చాలును. ఒక్కొక్క పట్టీ మీద రెండు వరుసలలో జత అక్షరాలు వ్రాయించి, నడుమ జి-ఎ-ఎ-టి-టి-సి ఉండునట్లు చూడండి. ఎర్ర పట్టీ కొసలు కలిపి గాజువలె అంటించండి. విద్యార్థులు వాలుగా కత్తిరించి, పచ్చ పట్టీ ముక్కను దానిలో అతికితే, కోహెన్, బోయర్ చేసిన పని వారి చేతులలోనే జరుగుతుంది. తోకలు సరిపడని చోట ఎందుకు అతకదో కూడా వారికే తెలుస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పవలెను. గ్రిఫిత్ న్యుమోనియా రకాలను చూస్తున్నాడు. ఆర్బర్ ఫేజిలు ఎందుకు చస్తున్నవని అడిగాడు. స్మిత్ కనబడకుండా పోయిన డి.ఎన్.ఎ. కొరకు వెదకాడు. వారిలో ఎవరూ టీకా చేయాలని బయలుదేరలేదు. ఆ సమయములో ఎవరైనా ఈ ప్రశ్నల వలన ఏమి లాభమని అడిగి ఆపించి ఉంటే, మేడ్చల్‌లో టీకా తయారై ఉండేది కాదు. మన తరగతిలో ఒక విద్యార్థి పాఠానికి సంబంధము లేనట్లు కనబడే ప్రశ్న అడిగినప్పుడు, కూర్చో అనే ముందు ఈ కథను ఒకసారి తలచుకొనుట మంచిది.